నల్లకోటు తొడిగి నడివీధిలో వదిలేస్తున్నాం

మన పట్టణాలలో ఏటా ఒక సన్మానసభ జరుగుతుంది. ఫంక్షన్ హాలు, ఖురాన్ పారాయణంతో ఆరంభం, వేదికనిండా పెద్దలు. డాక్టరైన అమ్మాయికి ఒక శాలువా, ఇంజనీరైన అబ్బాయికి ఒక శాలువా, చిట్టచివర న్యాయశాస్త్రం పూర్తిచేసిన ఇద్దరు ముగ్గురికి తలా ఒక జ్ఞాపిక. వక్త ఎవరైనా సరే, ఆ చివరి వరుసను చూపి "వీరే రేపటి మన బారిస్టర్లు" అనకుండా దిగడు. చప్పట్లు మోగుతాయి. బిర్యానీ వడ్డిస్తారు. మరునాడు ఉదయం ఆ రేపటి బారిస్టరు కోర్టుకు వెళ్లే బస్సు ఛార్జీకోసం తండ్రి ముందు నిలబడతాడు. ఆ తండ్రి పంక్చర్ల దుకాణం నడుపుతూ ఉంటాడు, లేదా బట్టల షాపులో లెక్కలు రాస్తూ ఉంటాడు. ఐదేళ్లు చదివించిన మనిషి మరో ఐదేళ్లు పోషించాలని అప్పటిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇది ప్రభుత్వం మీద ఫిర్యాదుగా రాస్తున్న వ్యాసం కాదు. ప్రభుత్వాన్ని, బార్ కౌన్సిల్‌ను అనవలసిన మాటలు అంటాను. కానీ ముఖ్యమైన అభియోగం మన మీదనే. ముస్లిం సమాజం తన పిల్లలకు న్యాయవాద పట్టా ఇప్పించడం నేర్చుకున్నది. న్యాయవాదిని తయారుచేయడం నేర్చుకోలేదు. ఈ రెండూ ఒకటేనన్న భ్రమలో, సంవత్సరం తరువాత సంవత్సరం, నల్లకోటు తొడిగిన బిడ్డలను నడివీధిలో వదిలేస్తున్నది.

బారిస్టర్ అనే మాట మీద మనకున్న మోజుకు చరిత్రలో కారణం ఉంది. బద్రుద్దీన్ త్యాబ్జీ 1867లో మిడిల్ టెంపుల్ నుంచి బారిస్టరై వచ్చి బొంబాయి హైకోర్టులో తొలి భారతీయ బారిస్టరుగా నిలిచాడు. ఇరవై ఏళ్ల తరువాత మద్రాసులో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించాడు. సర్ సయ్యద్ కుమారుడు సయ్యద్ మహమూద్ లింకన్స్ ఇన్‌లో చదివి అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. సయ్యద్ అమీర్ అలీ కలకత్తా హైకోర్టు పీఠం మీద కూర్చుని, 1909లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ న్యాయసంఘంలో చేరిన తొలి భారతీయుడయ్యాడు. ఈ పేర్లు మన తాతల నోళ్లలో మెదిలాయి. పిల్లవాడు గట్టిగా వాదిస్తే "పెద్ద బారిస్టరులా మాట్లాడుతున్నాడు" అనడం తెలుగు ఇళ్లలో మతాలకు అతీతమైన అలవాటు.

అయితే ఆ మాటకు ఈ దేశపు న్యాయస్థానాలలో ఇప్పుడు విలువ లేదు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం పాత తరగతులన్నింటినీ కలిపి అడ్వకేట్, సీనియర్ అడ్వకేట్ అనే రెండే మిగిల్చింది. బిరుదు పోయినందుకు నాకు విచారం లేదు. ఆ బిరుదు వెనుక ఏ శిక్షణ ఉండాలో, అది లేనివాడి గతి ఏమవుతుందో మనం మరచిపోయినందుకే విచారం.

దానికి గాంధీగారి కథకంటే మంచి సాక్ష్యం లేదు. ఆనాడు లండన్‌లో బారిస్టరు కావాలంటే పరీక్షలు రాయాలి, ఇన్‌లో నియమిత సంఖ్యలో విందులకు హాజరు కావాలి. విందులకు వెళ్లినంత మాత్రాన న్యాయవాదం ఎట్లా వస్తుందో తనకు అర్థం కాలేదని ఆయనే తన ఆత్మకథలో వాపోయాడు. 1891 జూన్ 10న బారిస్టరయ్యాడు, 11న హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నాడు, 12న ఓడ ఎక్కాడు. బొంబాయిలో మొదటి కేసు స్మాల్ కాజెస్ కోర్టులో. ఫీజు 30 రూపాయలు. ఎదుటి సాక్షిని ప్రశ్నించడానికి లేచాడు. తల తిరిగింది. ఒక్క ప్రశ్న నోట రాలేదు. కూర్చుని, కేసు వేరొక వకీలుకు అప్పగించమని చెప్పి, ఫీజు వాపసు చేసి బయటికి వచ్చేశాడు. లండన్ పట్టా ఉన్నది, చదువు ఉన్నది, తెలివి ఉన్నది. కోర్టులో నిలబడడం మాత్రం ఎవరూ నేర్పలేదు. రాజకోటకు తిరిగివెళ్లి అర్జీలు రాసుకుంటూ బతికాడు.

ఆ మనిషిని న్యాయవాదిగా నిలబెట్టింది ఎవరు? పోర్‌బందర్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్లి స్థిరపడిన ఒక మేమన్ ముస్లిం వ్యాపార సంస్థ, దాదా అబ్దుల్లా కంపెనీ. 1893లో ఒక ఏడాదికి 105 పౌండ్లు, రానూపోనూ మొదటి తరగతి ప్రయాణం, బస, భోజనం. పని కూడా పెద్ద వకీలుగా వాదించేది కాదు. 40 వేల పౌండ్ల దావాలో సంస్థవైపు పెద్ద వకీళ్లకు కేసు వివరించి సహాయపడడం. అంటే నేటి మన భాషలో జూనియర్ పని. ఆ దావా అంతా ఖాతాల చుట్టూ తిరిగేది కనుక ఆయన జమాఖర్చుల పుస్తకం కొని చదివి లెక్కలు నేర్చుకున్నాడు. సాక్ష్యాలను పేర్చడం, కక్షిదారుతో మాట్లాడడం, చివరికి ఇద్దరినీ మధ్యవర్తిత్వానికి ఒప్పించడం అక్కడ నేర్చుకున్నాడు. తరువాతి చరిత్ర అందరికీ తెలుసు. మన వ్యాపారులలో ఎందరికి ఈ మొదటి అధ్యాయం తెలుసు? బొంబాయి కోర్టులో నోరు పెగలని ఒక యువకుడికి ఒక ఏడాది జీతం, ఒక అసలైన కేసు, నేర్చుకునే వ్యవధి ఇచ్చింది ముస్లిం వ్యాపారి సొమ్ము.

మన టంగుటూరి ప్రకాశం పంతులుగారిది దీనికి వేరైన దారి. ఆయన లండన్ వెళ్లకముందే రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా కోర్టుల లోతు చూసినవాడు. అందుకే బారిస్టరై తిరిగివచ్చాక మద్రాసు ఆయనను భయపెట్టలేదు. పనితనం ముందు వచ్చింది, బిరుదు దాని మీద కూర్చున్నది.

ఇక జిన్నా. పేరు చెబితేనే గిట్టనివారు ఉంటారు, అది వేరే చర్చ. 1896లో బొంబాయిలో అడుగుపెట్టినప్పుడు ఆయన కూడా కక్షిదారులు లేక ఖాళీగా తిరిగినవాడే. తాత్కాలిక అడ్వకేట్ జనరల్‌గా ఉన్న మెక్‌ఫర్సన్ అనే ఆంగ్లేయుడు తన చాంబర్‌లో కూర్చుని కేసు కట్టలు చదువుకోనివ్వడంతో ఆయన దశ తిరిగింది. 1916లో తిలక్ తరఫున వాదించి గెలిచిన వకీలు అట్లా తయారయ్యాడు. న్యాయవాది పుట్టేది కాలేజీలో కాదు, మరొక న్యాయవాది బల్ల పక్కన.

ఇంగ్లండ్ ఈ సత్యాన్ని ఆలస్యంగానైనా గ్రహించింది. అక్కడ నేడు బారిస్టరు కావాలంటే మూడు మెట్లు. న్యాయశాస్త్రంలో విద్య, తరువాత వాదన, ముసాయిదా, సాక్షుల విచారణ వంటివి నేర్పే వృత్తి శిక్షణ కోర్సు, ఆ తరువాత 'ప్యుపిలేజ్' అనే ఏడాది శిక్షణ. ఈ ఏడాదిలో మొదటి ఆరు నెలలు అనుభవజ్ఞుడైన బారిస్టరు వెంట ఉండి చూడాలి. తరువాతి ఆరు నెలలు ఆయన పర్యవేక్షణలో తానే కేసులు చేయవచ్చు. ఒకప్పుడు ఈ శిక్షణ జీతం లేని సేవ. అంతకు పూర్వం శిష్యుడే గురువుకు రుసుము చెల్లించేవాడు. ఒక శిక్షణార్థి తనకూ కనీస వేతనం వర్తిస్తుందని కోర్టుకెక్కితే, 2000లో అప్పీలు కోర్టు ఒప్పందం ఉన్నదని అంగీకరించింది కాని కనీస వేతనం వర్తించదన్నది. దావా ఓడింది, వాదన గెలిచింది. 2003 నుంచి శిక్షణార్థికి డబ్బు చెల్లించడం నిబంధన అయింది. నేడు చాంబర్ ఆ ఏడాదికి 20 వేల పౌండ్లకు పైగా కనీస మొత్తం ఇవ్వవలసిందే. శిక్షణ స్థానాలను బహిరంగంగా ప్రకటించవలసిందే. ఇవిగాక నాలుగు ఇన్‌లూ ఏటా లక్షల పౌండ్ల ఉపకారవేతనాలు పంచుతాయి.

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. కోర్సు ఫీజు భయంకరం. శిక్షణ స్థానాలు ఏటా వందలలోనే ఉంటాయి, ఆశించేవారు వేలలో. సమాన మార్కులున్నా నల్లజాతి, ఆసియా మూలాల అభ్యర్థులకు స్థానం దొరికే అవకాశం తక్కువని అక్కడి నియంత్రణ సంస్థ అధ్యయనమే ఒప్పుకున్నది. అయినా ఒక సూత్రం మాత్రం అక్కడ స్థిరపడింది. నేర్చుకునే మనిషి ఆకలితో నేర్చుకోకూడదు.

మన దేశంలో నడక వెనక్కి. 1961 చట్టం మొదట శిక్షణనూ, దాని తరువాత పరీక్షనూ విధించింది. 1973 సవరణ ఆ నిబంధనను ఎత్తివేసింది. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది శిక్షణను నియమాల రూపంలో తిరిగి తెచ్చింది. 1999లో సుధీర్ కేసులో సుప్రీంకోర్టు, చట్టం తీసేసిన దాన్ని నియమంతో తెచ్చే అధికారం కౌన్సిల్‌కు లేదని కొట్టివేసింది. శిక్షణ అక్కరలేదని కోర్టు అనలేదు. కావాలంటే చట్టమే మారాలన్నది. పావు శతాబ్దం గడిచింది. ఆ శిక్షణ చట్టంలోకి తిరిగి రాలేదు. దాని బదులు 2010లో ఆలిండియా బార్ పరీక్ష వచ్చింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం దానిని సమర్థించింది. వంద ప్రశ్నలు, నాలుగేసి జవాబులు, సరైనదానికి గుర్తు పెట్టడం. బొంబాయి కోర్టులో నిలబడలేకపోయిన ఆ యువ బారిస్టరు ఈ పరీక్షను అవలీలగా పాసయ్యేవాడు.

2024లో రెండు మంచి పనులు జరిగాయి. ఎన్‌రోల్‌మెంట్ పేరిట రాష్ట్ర బార్ కౌన్సిళ్లు 15 వేల నుంచి 40 వేలకు పైగా గుంజుతుంటే, జూలై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోరాదన్నది. అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాలలో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాలలో 15 వేలు ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. ఇవ్వకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అది సిఫార్సు మాత్రమే. సర్క్యులర్‌ను చదివి నవ్వుకున్న సీనియర్లు ఎందరో ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన లా నేస్తం పథకం జూనియర్లకు మూడేళ్లపాటు నెలకు 5 వేలు ఇస్తామన్నది. ఆలోచన మంచిది. కాని ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారే, ఆగే, తిరిగి మొదలయ్యే పథకాల మీద ఒక తరం బతుకు కట్టుకోలేం.

జూనియర్ బతుకు ఎట్లా ఉంటుందో బయటివారికి తెలియదు కనుక చెబుతాను. పొద్దున్నే చాంబర్ తెరవాలి. ఆనాటి కట్టలు వరుసగా పెట్టాలి. సీనియర్ వేరే హాలులో ఉంటే ఇక్కడ లేచి వాయిదా అడగాలి. నకళ్లకు దరఖాస్తు పెట్టి కాపీయింగ్ సెక్షన్ కిటికీ ముందు నిలబడాలి. సాయంత్రం కక్షిదారులు వచ్చేసరికి చాంబర్‌లో ఉండాలి. రాత్రి తొమ్మిదికి ఇల్లు. ఇందులో నేర్చుకునేది ఎంతో ఉంది, సీనియర్ నేర్పితే. నేర్పకపోతే అది జీతంలేని గుమస్తాగిరీ. నేను ఒకప్పుడు చేరిన చాంబర్‌లో మూడేళ్లలో ఒక్క ప్లెయింటు నా చేత రాయించలేదు. పండుగకు ఒక చొక్కా గుడ్డ ఇచ్చారు. నాకు సొంత ఇల్లు, అన్నగారి సంపాదన ఉన్నాయి గనుక నిలిచాను. నిలిచింది నా ప్రతిభ కాదు, మా అన్నయ్య దుకాణం.

ఈ వ్యవస్థలో ఎవరు మిగులుతారో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు. వకీళ్ల కొడుకులు మిగులుతారు. పొలం ఉన్నవారు మిగులుతారు. ముస్లిం కుటుంబాలలో ఆ రెండూ ఉన్నవి తక్కువ. 2007 చట్టంతో బీసీ-ఇ కింద వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలో అది నేటికీ నిలిచి ఉంది. ఆ నాలుగు శాతం కోసం మన పెద్దలు వీధులలో నడిచారు, కోర్టులలో నిలిచారు. దాని పుణ్యమా అని లాసెట్ రాసిన ఖురేషీల బిడ్డలు న్యాయ కళాశాలలో సీటు పొందారు. సీటు దగ్గర మన పోరాటం ముగిసింది. ఆ బిడ్డల్లో ఎందరు నేడు ప్రాక్టీసులో ఉన్నారో లెక్క తీసిన సంస్థ మనలో నాకు ఒక్కటీ కనబడలేదు. ఆ లెక్క అడగకపోవడమే మన నేరం.

ఇంతకాలం ఇది కొందరు యువకుల కష్టం. 2025 మే 20 నుంచి ఇది సమాజం మొత్తం ప్రవేశ ద్వారానికి సంబంధించిన సమస్య అయింది. ఆనాడు సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలనే పాత నిబంధనను పునరుద్ధరించింది. కారణం సబబైనదే. కోర్టు చూడని పిల్లలు పుస్తక జ్ఞానంతో పీఠమెక్కితే కక్షిదారులు నష్టపోతారు. కాని ఫలితం చూడండి. ఆ మూడేళ్లకు పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రం ఇవ్వాలి, జిల్లా న్యాయాధికారి దానిని ఆమోదించాలి. జీతమివ్వని సీనియర్ చేతికి ఇప్పుడు జూనియర్ భవిష్యత్తు మీద సంతకం కూడా వచ్చింది. మూడేళ్లు ఆకలికి ఓర్చుకోగలవారికే న్యాయపీఠం. ఓర్చుకోలేని కులాల నుంచి, మతాల నుంచి, బస్తీల నుంచి న్యాయమూర్తులు రారు. పదేళ్ల తరువాత జిల్లా కోర్టులలో మనవారు కనబడటం లేదని ఇదే పత్రికలో వ్యాసాలు వస్తాయి. ఆ వ్యాసాలకు విత్తనం ఈరోజు పడుతున్నది.

ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది, రావాలి కూడా. కక్షిదారుకు కావలసింది మంచి వకీలు, అతడు ముస్లిమే కానక్కరలేదు కదా? నిజమే. మక్కా మస్జిద్ పేలుడు తరువాత 2007లో పట్టుకెళ్లిన మన పిల్లల ఒంటి మీది గాయాలను నమోదుచేసి నివేదిక ఇచ్చింది రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన అడ్వకేట్ కమిషనర్. అటువంటి వారి రుణం మతంతో తీరేది కాదు. ముస్లిం కక్షిదారుకు ముస్లిం వకీలే ఉండాలన్న వాదన నాకు రోత. నేను అంటున్నది వేరు. జైళ్ల జాతీయ గణాంకాలలో విచారణ ఖైదీలలో ముస్లింల వాటా, 2011 జనాభాలో మనకున్న 14.2 శాతం కంటే ప్రతి ఏడూ ఎక్కువగానే ఉంటున్నది. ఆ ఖైదీ తల్లి అర్ధరాత్రి తలుపు తట్టడానికి తన వీధిలో ఒక వకీలు ఉండాలి. ఆమె దక్కనీలో ఏడిస్తే అర్థం కావాలి. రిమాండు రోజునే మేజిస్ట్రేటు ముందు నిలబడే వకీలు ఉంటే మారే కేసులు, ఏడాది తరువాత పెద్ద ఫీజు తీసుకునే వకీలు వచ్చినా మారవు. ముంబయిలో షాహిద్ ఆజ్మీ ఏడేళ్ల ప్రాక్టీసులో 17 మందిని నిర్దోషులుగా విడిపించి 2010 ఫిబ్రవరిలో తన కార్యాలయంలోనే హత్యకు గురయ్యాడు. ఆయన కూడా ఒక పేరున్న క్రిమినల్ లాయరు దగ్గర జూనియర్‌గానే మొదలయ్యాడు.

భూముల విషయం ఇంకా సూక్ష్మం. మణికొండలో హజ్రత్ హుసేన్ షావలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు చెప్పిన 1,654 ఎకరాల 32 గుంటల మీద 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది. మన వకీళ్ల చేతగానితనం వల్ల పోయిందని నేను అనడం లేదు, అనే హక్కు నాకు లేదు. కాని ఆ తీర్పు చదివినవారికి ఒకటి తెలుస్తుంది. దావా అంతా జాగీర్ల రద్దు, అతియాత్ విచారణలు, పాత ఫర్మానాలు, ముంతఖబులు, 2006 నాటి సవరణ గెజిట్ చుట్టూ తిరిగింది. నిజాం కాలపు ఉర్దూ, ఫార్సీ దస్తావేజు చదవగలిగి, సేత్వారునూ ఖాస్రా పహాణీనీ దానితో సరిచూడగలిగి, రెవెన్యూ చట్టం తెలిసిన యువ న్యాయవాదులు ఈ రెండు రాష్ట్రాలలో ఎందరున్నారు? ఉర్దూ వచ్చినవాడికి రెవెన్యూ చట్టం రాదు. చట్టం వచ్చినవాడికి ఉర్దూ లిపి రాదు. ఈ జ్ఞానం ఏ కాలేజీలోనూ లేదు. వృద్ధులైన కొద్దిమంది వకీళ్ల తలలలో ఉంది. వారితోపాటే ఖననమవుతున్నది. 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద వీధులలో నినాదాలు ఇచ్చాం, ఇవ్వవలసిందే. రేపు ఒక్కొక్క శ్మశానం, ఒక్కొక్క ఈద్గా కాగితాలతో ట్రిబ్యునల్ మెట్లెక్కవలసింది నినాదం కాదు, జూనియర్.

అమ్మాయిల సంగతి చెప్పకుండా ఈ విషయం ముగిస్తే అన్యాయం. లా కాలేజీలలో మన ఆడపిల్లలు బాగా చదువుతున్నారు. పట్టా చేతికి రాగానే ఇల్లు వెనక్కి లాగుతుంది. రాత్రి తొమ్మిది దాకా చాంబర్‌లో ఉండడం కుదరదంటారు, కోర్టు ఆవరణలో శుభ్రమైన మరుగుదొడ్డి లేదంటారు, పెళ్లివారు ఏమనుకుంటారో అంటారు. మొదటి రెండూ నిజమైన ఇబ్బందులు, పరిష్కరించదగినవి. మూడోదానికి జవాబు కేరళలో ఉంది. 1950లో న్యాయవాదిగా నమోదై కొల్లం జిల్లా కోర్టులలో పనిచేసిన ఫాతిమా బీవీ, 1958లో మున్సిఫ్ అయి, 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయింది. ఆమె తండ్రి కూతురిని కోర్టుకు పంపిన రోజున పెళ్లివారి మాట విని ఉంటే ఈ దేశ చరిత్రలో ఆ పుట ఉండేది కాదు.

ఇక డబ్బు. బార్ కౌన్సిల్ చెప్పిన గ్రామీణ మొత్తమే తీసుకుందాం. నెలకు 15 వేలు, 36 నెలలకు 5 లక్షల 40 వేలు. జిల్లాకు ఐదుగురు జూనియర్లంటే మూడేళ్లకు 27 లక్షలు, ఏడాదికి 9 లక్షలు. ఒక మధ్యతరగతి వలీమా విందు, అలంకరణ, వీడియో ఖర్చు ఎంతో మీరే లెక్క వేయండి. డబ్బు లేదన్న మాట నేను ఒప్పుకోను.

జకాత్ ఇవ్వవచ్చునా అని అడుగుతారు. హనఫీ ఉలమా జకాత్‌లో 'తమ్లీక్' షరతు పెడతారు, అంటే అర్హుడైన పేదకు ఆ సొమ్మును సొంతం చేయాలి. నిసాబ్ లేని జూనియర్ అర్హుడే. అతని చేతికి ఇస్తే అభ్యంతరం ఉండదు. చాంబర్ అద్దెకో, గ్రంథాలయానికో ఆ సొమ్ము వాడకూడదు. వాటికి సదఖా, సాధారణ విరాళం ఉన్నాయి. మీ మస్జిద్ ఇమామ్‌సాబ్‌ను అడిగి నిర్ణయించుకోండి. కాని అడగండి. కోచింగ్ సెంటర్ హోర్డింగ్ మీద పేరు పడుతుందని ఇచ్చేవారికి, ఒక జూనియర్ జేబులో పేరు పడదని తెలిసినా ఇవ్వగలిగే ధైర్యం కావాలి.

వక్ఫ్ సంగతి కూడా. ముతవల్లీలు తమ నికర ఆదాయం నుంచి బోర్డుకు చెల్లించే వాటాను కొత్త సవరణ 7 శాతం నుంచి గరిష్ఠంగా 5 శాతానికి తగ్గించింది. మనం వ్యతిరేకించవలసినవి ఆ చట్టంలో ఎన్నో ఉన్నాయి. ఈ రెండు శాతం మాత్రం ముతవల్లీ చేతిలో మిగిలింది. వక్ఫ్‌నామాలో విద్య, పేదల సహాయం రాసి ఉన్న సంస్థలు ఆ రెండు శాతాన్ని, ఆ వక్ఫ్ ఆస్తులనే రేపు కాపాడబోయే యువ వకీళ్ల మీద ఎందుకు ఖర్చు చేయవో ముతవల్లీలు చెప్పాలి.

డబ్బు ఇచ్చి చేతులు దులుపుకుంటే అది మరో సన్మానసభ అవుతుంది. సీనియర్ ఎవరో ముందే తేలాలి. ఆయన మతం అక్కరలేదు, నేర్పే బుద్ధి చాలు. మొదటి ఏడాది చివరికి జూనియర్ సొంతంగా ఒక బెయిలు దరఖాస్తు, ఒక ప్లెయింటు, ఒక రిట్న్ స్టేట్‌మెంటు రాసి ఉండాలి. రెండో ఏడాదిలో కనీసం ఒక సాక్షిని క్రాస్ చేసి ఉండాలి. వారానికి ఒక పూట ఉర్దూ దస్తావేజులు చదవడం నేర్చుకోవాలి. ప్రతిఫలంగా నెలకు నాలుగు పేదల కేసులు ఉచితంగా చేయాలి. జూనియర్‌తో నకళ్లు మోయించి సరిపెట్టే సీనియర్ దగ్గర నుంచి అతడిని తీసుకెళ్లి వేరొకరి దగ్గర పెట్టాలి. మన సీనియర్ ముస్లిం న్యాయవాదులకు ఈ మాట కష్టంగా ఉంటుంది. వేదికల మీద మిల్లత్ గురించి మాట్లాడి, చాంబర్‌లో మిల్లత్ బిడ్డను ఊరికే పనిచేయించుకునేవారిని నేను చూశాను. వారి పేర్లు ఇక్కడ రాయను. వారు ఇది చదువుతారు.

పంక్చర్ల దుకాణం కొడుకు గురించి మొదట్లో అన్నాను. ఊహించి అనలేదు. బీసీ-ఇ సీటులో చదివాడు, బార్ పరీక్ష మొదటిసారే పాసయ్యాడు, మా జిల్లా కోర్టులో పద్నాలుగు నెలలు ఉన్నాడు. తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్ శివారులో ఒక గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. పెట్టెలు స్కాన్ చేసే పని, నెలకు 16 వేలు. కోటు ఇంట్లో ఇనప్పెట్టెలో ఉందట. పోయిన నెల ఫోన్ చేసి, జమాత్‌తో మాట్లాడి నెలకు 15 వేలు ఏర్పాటు చేస్తే తిరిగి వస్తావా అని అడిగాను. కొంతసేపు ఏమీ అనలేదు. వెనుక కన్వేయర్ బెల్టు చప్పుడు వినబడుతున్నది.

"ఎన్ని నెలలు ఇస్తారు సార్?" అన్నాడు.

నేను మా జమాత్ కార్యదర్శిని అడిగి చెబుతానన్నాను. వచ్చే శుక్రవారం జుమా తరువాత కమిటీ కూర్చుంటుంది. ఎజెండాలో ఈ ఏటి సన్మానసభ ఖర్చు మొదటి అంశం. ఇది చివరిది.